ఇంటర్నెట్ రేడియో: నచ్చిన ప్లేయర్‌లో వినే పద్ధతులు

గాలిలో తరంగాల ద్వారా కాకుండా ఇంటర్నెట్ మీదుగా ఎడతెగకుండా సాగే శబ్ద ప్రసారాన్ని ఇంటర్నెట్ రేడియో అంటారు. ఇందులో శ్రోత కోరిన పాట కోరిన క్షణాన రాదు. కేంద్రం అప్పుడు ఏది వేస్తోందో అదే అందరికీ వినిపిస్తుంది. స్పాటిఫై, జియోసావన్ వంటి సేవలకూ దీనికీ ప్రధానమైన తేడా ఇదే. ఆగకుండా వచ్చే ఈ ప్రవాహానికి స్ట్రీమ్ అని పేరు.

చాలామంది కేంద్రం వెబ్‌సైట్‌కు వెళ్ళి వింటారు, లేదా ఆ కేంద్రం సొంత యాప్‌ను ఫోనులో వేసుకుంటారు. పది కేంద్రాలు వినేవాళ్ళకు పది యాప్‌లు, వాటితోపాటు పది రకాల ప్రకటనలు, నోటిఫికేషన్లు తప్పవు. నిజానికి ప్రతి స్ట్రీమ్‌కూ వెబ్ పేజీకి ఉన్నట్టే ఒక చిరునామా ఉంటుంది. అది తెలిస్తే ఇంట్లో ఎంపీ3 పాటలు వినడానికి వాడే మామూలు ప్లేయర్‌లోనే ఆ కేంద్రం మోగుతుంది. యాప్‌లు వస్తాయి, మూతపడతాయి. కేంద్రాల జాబితాలిచ్చే డైరెక్టరీలు మూతపడ్డ సందర్భాలూ ఉన్నాయి. చిరునామా రాసిపెట్టుకున్న శ్రోతకు వాటితో పని తక్కువ. ఈ వ్యాసం ఆ చిరునామా గురించి, దాన్ని ప్లేయర్ ఎలా వాడుకుంటుందన్నదాని గురించి.

తొలి రోజులు

1993లో అమెరికాలో కార్ల్ మలముద్ 'ఇంటర్నెట్ టాక్ రేడియో' మొదలుపెట్టాడు. కంప్యూటర్ రంగంలోని నిపుణులతో ముఖాముఖీలు దాని ప్రధాన కార్యక్రమం. అప్పట్లో దాన్ని వినగలిగిన కంప్యూటర్లు విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లోనే ఉండేవి. మామూలు రేడియో కేంద్రాల్లో ఇంటర్నెట్ మీదికి మొదట వచ్చినది నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయ విద్యార్థుల కేంద్రం డబ్ల్యూఎక్స్‌వైసీ అని చెబుతారు. ఆ తేదీ 1994 నవంబరు 7.

ఇళ్ళలోకి ఈ ప్రసారాన్ని తెచ్చింది 1995లో వచ్చిన రియల్ఆడియో. సియాటిల్‌లో రాబ్ గ్లేజర్ నెలకొల్పిన ప్రోగ్రెసివ్ నెట్‌వర్క్స్ దాన్ని విడుదల చేసింది. సెకనుకు 14.4 కిలోబిట్ల మోడెమ్ మీద కూడా మాట వినబడేది గానీ సంగీతం బొంగురుగా, లోతులేకుండా ఉండేది. నాణ్యత కన్నా పెద్ద చిక్కు మరొకటి. రియల్ఆడియో స్ట్రీమ్‌కు రియల్‌ప్లేయరే కావాలి, మైక్రోసాఫ్ట్ స్ట్రీమ్‌కు విండోస్ మీడియా ప్లేయర్, యాపిల్ స్ట్రీమ్‌కు క్విక్‌టైమ్. ఒక్కొక్క కంపెనీ తన సర్వర్‌నూ తన ప్లేయర్‌నూ కలిపి అమ్ముకునేది. నచ్చిన ప్లేయర్‌లో వినడమన్న మాటకు అప్పుడు అర్థమే లేదు.

ఆ కట్టు తెంచినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు. జస్టిన్ ఫ్రాంకెల్ 1997లో విన్ఆంప్ అనే ఎంపీ3 ప్లేయర్‌ను విడుదల చేశాడు. తర్వాత ఏడాదిన్నర, రెండేళ్ళలోపే అతని నల్‌సాఫ్ట్ సంస్థ షౌట్‌కాస్ట్ సర్వర్‌ను తెచ్చింది. షౌట్‌కాస్ట్‌లో శబ్దాన్ని కుదించే కొత్త పద్ధతి, అంటే కొత్త కోడెక్ లేదు, ప్రత్యేకమైన ప్లేయర్ లేదు. వెబ్ పేజీలు పంపే హెచ్‌టీటీపీ పద్ధతినే కాస్త మార్చి, అందరి దగ్గరా అప్పటికే ఉన్న ఎంపీ3 శబ్దాన్ని దానిలో పంపారు, అంతే. ఇంట్లో కంప్యూటరు, ఒక మోస్తరు కనెక్షను ఉన్న ఎవరైనా విన్ఆంప్‌కు ఒక ప్లగిన్ తగిలించి కేంద్రం నడపగలిగారు. సుమారు అదే కాలంలో జాక్ మొఫిట్, భరత్ రాఘవన్ ఐస్‌కాస్ట్ అనే ఓపెన్ సోర్స్ సర్వర్‌ను మొదలుపెట్టారు. దాన్ని ఇప్పుడు జిఫ్ సంస్థ చూసుకుంటోంది. 1999 జూన్‌లో నల్‌సాఫ్ట్‌ను ఏఓఎల్ కొనేసింది. విన్ఆంప్ ఆ తర్వాత చేతులు మారి వన్నె తగ్గినా, షౌట్‌కాస్ట్ పద్ధతి మాత్రం పాతికేళ్ళు దాటి ఇప్పటికీ నడుస్తోంది. ఏ ప్లేయర్ రాసేవాడికైనా దాన్ని అమలు చేయడం అంత తేలిక కావడమే ఆ ఆయుష్షుకు కారణం.

ప్లేయర్‌కూ సర్వర్‌కూ మధ్య

షౌట్‌కాస్ట్ లేదా ఐస్‌కాస్ట్ చిరునామా ఇచ్చి ప్లే నొక్కితే ప్లేయర్ సర్వర్‌కు ఒక అభ్యర్థన పంపుతుంది. మామూలు ఫైలు అడిగితే సర్వర్ ముందుగా దాని పరిమాణం చెప్పి, అంతా పంపి ముగిస్తుంది. స్ట్రీమ్‌కు పరిమాణం ఉండదు. జవాబు మొదలవుతుంది, శ్రోత ఆపేదాకా సాగుతూనే ఉంటుంది. ప్లేయర్‌కు అది ఎప్పటికీ పూర్తికాని ఎంపీ3 ఫైలు లాంటిది. అందుకే స్ట్రీమ్ మోగుతున్నప్పుడు చాలా ప్లేయర్లలో ముందుకూ వెనక్కూ జరిపే గీత పనిచేయదు.

పాట పేరు తెర మీద ఎలా కనిపిస్తుందన్నది ఇందులో ముచ్చటైన ఏర్పాటు. శబ్దంతోపాటు పేర్లు కూడా పంపగలవా అని ప్లేయర్ తన అభ్యర్థనలోనే అడుగుతుంది. పంపగలనంటే సర్వర్ ఒక సంఖ్య చెబుతుంది. ఐస్‌కాస్ట్‌లో అది తరచు 16,000. ప్రతి 16,000 బైట్ల శబ్దం తర్వాత ఒక బైటు వస్తుంది. దానిని పదహారుతో హెచ్చిస్తే ఆ వెనక వచ్చే అక్షరాల పొడవు తెలుస్తుంది. పాట మారకపోతే ఆ బైటు సున్నా. ఈ లెక్కలో ఒక్క బైటు తప్పినా అక్షరాలు శబ్దంలో కలిసిపోయి టిక్కుటిక్కుమనే చప్పుడు వస్తుంది. పాత ప్లేయర్లలో అలా విన్నవాళ్ళకు కారణం ఇదని తెలిసి ఉండకపోవచ్చు.

నెట్ వేగం నిలకడగా ఉండదు కాబట్టి ప్లేయర్ కొన్ని సెకన్ల శబ్దాన్ని ముందే తెచ్చి దాచుకుంటుంది. ఇదే బఫర్. మేడ మీది నీళ్ళ ట్యాంకు మాదిరిగా, కుళాయి కాసేపు ఆగినా ఇంట్లో నీళ్ళు వస్తూనే ఉంటాయి. ట్యాంకు నిండేదాకా ఆగాలంటే మాత్రం ప్లే నొక్కిన వెంటనే శబ్దం రాదు. దీనికి ఐస్‌కాస్ట్ ఒక ఉపాయం చేసింది. కొత్తగా చేరిన శ్రోతకు సుమారు 64 కిలోబైట్ల శబ్దాన్ని ఒక్కసారిగా పంపిస్తుంది. సెకనుకు 128 కిలోబిట్ల స్ట్రీమ్‌లో అది నాలుగు సెకన్ల పాటు సరిపోతుంది. కేంద్రం నొక్కగానే పాట అందుకోవడానికి కారణం ఇదే. ఇలా శబ్దాన్ని ముందే దాచుకోవడం వల్ల మనం వినేది స్టూడియోలో జరిగినదానికి ఎప్పుడూ కొన్ని సెకన్లు వెనకే ఉంటుంది.

డేటా ఖర్చు గురించి చాలామందికి లేనిపోని భయం ఉంది. సెకనుకు 128 కిలోబిట్లంటే 16 కిలోబైట్లు, గంటకు 57.6 మెగాబైట్లు. రోజంతా, రాత్రంతా మోగించినా 1.4 జీబీ మించదు. అంటే రోజుకు 1.5 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాకులోనే ఇరవై నాలుగు గంటల రేడియో ఇమిడిపోతుంది. గంట వీడియో చూసేవాళ్ళు రేడియో విషయంలో డేటా లెక్కలు వేసుకోనక్కరలేదు. తక్కువ వేగంలో మంచి శబ్దం కోసం హెచ్‌ఈ-ఏఏసీ కోడెక్ వచ్చింది. అది పై స్థాయి స్వరాలను పూర్తిగా పంపదు. కింది స్థాయి నుంచి వాటిని తిరిగి తయారుచేసుకోవడానికి కావలసిన సూచనలు మాత్రం పంపుతుంది. అందువల్ల 48 కిలోబిట్లలో కూడా సంగీతం సాఫీగా వినిపిస్తుంది. మరో చివర రేడియో పారడైజ్ వంటి కేంద్రాలు శబ్దంలో ఏదీ వదలని ఫ్లాక్ స్ట్రీములు ఇస్తున్నాయి. వాటికి 128 కిలోబిట్లతో పోలిస్తే ఎన్నో రెట్ల డేటా కావాలి. మంచి స్పీకర్లు లేనివాళ్ళకు ఆ ఖర్చు దండగ.

ముక్కలుగా వచ్చే ప్రసారం

2009లో యాపిల్ హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతిని తెచ్చింది. ఇందులో ఎడతెగని జవాబు ఉండదు. సర్వర్ శబ్దాన్ని ఆరు నుంచి పది సెకన్ల ముక్కలుగా కోసి, ఆ ముక్కల జాబితాను ఒక చిన్న ఫైలులో పెడుతుంది. ప్లేయర్ ఆ జాబితాను మళ్ళీ మళ్ళీ తెచ్చుకుంటూ, కొత్తగా చేరిన ముక్కలను వరసగా దించుకుని అతికించి వినిపిస్తుంది. 2017లో ఇది ఆర్‌ఎఫ్‌సీ 8216 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా అచ్చయింది. కేంద్రాలకు దీనివల్ల లాభం ఉంది. ముక్కలు మామూలు ఫైళ్ళే కనుక ఏ వెబ్ సర్వర్ అయినా, ఏ పంపిణీ సంస్థ అయినా వాటిని లక్షలమందికి పంపగలదు. ఫోను వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినప్పుడు కూడా ధార తెగిపోదు.

శ్రోతకు రెండు నష్టాలున్నాయి. మొదటిది ఆలస్యం. జాబితా చివరి నుంచి కనీసం మూడు ముక్కల వెనకనుంచి మొదలుపెట్టాలని నియమం. అంటే పద్దెనిమిది నుంచి ముప్పై సెకన్ల వెనుకబాటు. ట్రాన్సిస్టర్‌లో వికెట్ పడ్డ కేక వినిపించిన అర నిమిషానికి ఫోనులో బౌలర్ పరుగు మొదలుపెడతాడు. రెండోది, పాత హార్డ్‌వేర్ రేడియో సెట్లూ, తేలికపాటి ప్లేయర్లూ దీన్ని చదవలేవు. బీబీసీ 2015 ఆరంభంలో తన స్ట్రీమింగ్ పద్ధతి మార్చినప్పుడు ఎన్నో ఇళ్ళలోని వైఫై రేడియోలు ఆ కేంద్రాలకు మూగబోయాయి. 2023లో ఎంపీ3 షౌట్‌కాస్ట్ స్ట్రీములను కూడా బీబీసీ ఆపేసింది. మన ఆకాశవాణి ప్రసారాలు కూడా ఇప్పుడు ఈ ముక్కల పద్ధతిలోనే ఎక్కువగా వస్తున్నాయి. కనుక ప్లేయర్ ఎంచుకునేటప్పుడు హెచ్‌ఎల్‌ఎస్ చదువుతుందా అన్నది ముందుగా చూసుకోవాల్సిన సంగతి.

ప్లేలిస్ట్ ఫైళ్ళు

కేంద్రం పేజీలో స్ట్రీమ్ లింకు నొక్కితే ఒక్కోసారి శబ్దం రాదు, ఒక బుల్లి ఫైలు డౌన్‌లోడ్ అవుతుంది. అది పాట కాదు, చిరునామా రాసిన కాగితం. వీటిలో రెండు రకాలు ముఖ్యం. ఎం3యూ అన్నది ఒక్కో వరసకు ఒక్కో చిరునామా ఉండే అతి సాదా ఫైలు. పీఎల్ఎస్‌లో చిరునామా, పేరు, నిడివి వేర్వేరు వరసల్లో ఉంటాయి. స్ట్రీమ్‌కు నిడివి లేదు కనుక అక్కడ మైనస్ ఒకటి అని రాస్తారు. వీటికి తోడు జిఫ్ సంస్థ తెచ్చిన ఎక్స్ఎస్‌పీఎఫ్, మైక్రోసాఫ్ట్ కాలంనాటి ఏఎస్ఎక్స్ కూడా అక్కడక్కడా ఎదురవుతాయి.

నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే చాలు, లోపలున్నది అర్థమైపోతుంది. ఒకే కేంద్రానికి మూడు నాలుగు చిరునామాలుంటే అవి ప్రత్యామ్నాయ సర్వర్లు. మొదటిది నిండిపోతే ప్లేయర్ రెండోదానికి వెళ్తుంది. ఎం3యూ8 అని ముగిసే ఫైళ్ళ దగ్గర చాలామంది తికమక పడతారు. యూటీఎఫ్-8 అక్షరాలతో రాసిన మామూలు ప్లేలిస్టుకూ, హెచ్‌ఎల్‌ఎస్ ముక్కల జాబితాకూ అదే తోక. మొదటిదాన్ని దించి దాచుకోవచ్చు. రెండోదాన్ని దాచుకుంటే నిమిషం తర్వాత అందులోని ముక్కలు సర్వర్‌లో ఉండవు. దాని చిరునామానే దాచుకోవాలి.

ఈ సాదాతనమే శ్రోతకు బలం. ఇష్టమైన కేంద్రాల చిరునామాలన్నీ ఒక ఎం3యూ8 ఫైలులో తెలుగు పేర్లతో రాసుకుంటే, అదే ఫైలు కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ ఇంటి సర్వర్‌లోనూ పనిచేస్తుంది. ఏ కంపెనీ ఖాతా అక్కరలేదు.

ఏ ప్లేయర్‌లో ఎలా

వీఎల్‌సీ ఎకోల్ సెంత్రాల్ పారిస్ విద్యార్థుల ప్రాజెక్టుగా 1996లో మొదలైంది. 2001లో జీపీఎల్ లైసెన్సు కింద అందరిదీ అయింది. కంప్యూటర్‌లో కంట్రోల్, ఎన్ కలిపి నొక్కితే చిరునామా అడిగే పెట్టె వస్తుంది. అతికించి ప్లే నొక్కడమే. కంట్రోల్, వై నొక్కితే అప్పటి జాబితా ఫైలుగా దాచుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో 'మోర్' అనే చోట స్ట్రీమ్స్, ఐఫోన్‌లో నెట్‌వర్క్ స్ట్రీమ్ అనే వరస ఇదే పని చేస్తాయి. షౌట్‌కాస్ట్, ఐస్‌కాస్ట్, హెచ్‌ఎల్‌ఎస్ అన్నీ దీనికి వచ్చు. నెట్ వేగం ఒడిదుడుకులుగా ఉండే ఊళ్ళలో ఒక మార్పు చేసుకోవాలి. సెట్టింగుల్లో నెట్‌వర్క్ క్యాషింగ్ అనే అంకె మామూలుగా 1,000 మిల్లీసెకన్లు, అంటే ఒక్క సెకను. దాన్ని 5,000 చేస్తే తెంపులు చాలావరకు పోతాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను సూచించేది వీఎల్‌సీనే, దాని ముఖం అంత అందంగా లేకపోయినా.

విండోస్‌లో గంటల తరబడి వినేవాళ్ళు ఫూబార్2000ను ఇష్టపడతారు. పీటర్ పావ్లోవ్స్కీ 2002లో తెచ్చిన ఈ ప్లేయర్ మెమరీ చాలా తక్కువ తీసుకుంటుంది. ఫైల్ మెనూలో 'యాడ్ లొకేషన్' ద్వారా చిరునామా ఇస్తే అది ప్లేలిస్టులో మామూలు పాట లాగే కూర్చుంటుంది. పాత అలవాటు వదలని విన్ఆంప్ అభిమానులకు కంట్రోల్, ఎల్ గుర్తుండే ఉంటుంది. ఏఐఎంపీ అనే మరో ప్లేయర్‌లో వినడంతోపాటు రికార్డు చేసే వీలు కూడా ఉంది. మ్యాక్‌లో యాపిల్ మ్యూజిక్ ఫైల్ మెనూలో స్ట్రీమ్ చిరునామా తెరిచే వరస ఇంకా ఉందని ఆ కంప్యూటర్లు వాడే చాలామందికి తెలియదు. ఐఫోన్‌లోని అదే యాప్‌లో ఆ వీలు లేదు. లినక్స్‌లో రిథమ్‌బాక్స్‌కు రేడియో కోసం ప్రత్యేకమైన అర ఉంది. స్ట్రాబెర్రీ అనే ప్లేయర్‌లో సోమాఎఫ్ఎం, రేడియో పారడైజ్ కేంద్రాలు ముందే అమర్చి ఉంటాయి.

ఇంట్లో ఒక చిన్న కంప్యూటర్ స్పీకర్లకు తగిలించి ఉంచుకునేవారికి ఎంపీడీ అనే మ్యూజిక్ ప్లేయర్ డీమన్ సరిపోతుంది. దీనికి సొంత తెర ఉండదు. రాస్‌ప్‌బెర్రీ పై వంటి బోర్డు మీద నిశ్శబ్దంగా నడుస్తుంటే, ఫోనునుంచి కేంద్రం మార్చుకోవచ్చు. ఫోను పక్కన పెట్టేసినా, బయటికి తీసుకెళ్ళినా పాట ఆగదు. వంటింట్లో రేడియో మోగుతూ ఉండాలనుకునే ఇళ్ళకు ఇంతకన్నా మంచి ఏర్పాటు నేను చూడలేదు.

స్పాటిఫై లాంటి యాప్‌లలో బయటి స్ట్రీమ్ చిరునామా చేర్చే వీలు లేదు. సాంకేతికంగా అది కష్టమేమీ కాదు. వాళ్ళ వ్యాపారం వేరు.

చిరునామా ఎక్కడ దొరుకుతుంది

కొన్ని కేంద్రాలు ఉదారంగా చెప్పేస్తాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2000లో మొదలై శ్రోతల విరాళాల మీద నడుస్తున్న సోమాఎఫ్ఎం తన ప్రతి ఛానెల్‌కూ రకరకాల వేగాల్లో పీఎల్ఎస్ లింకులు పేజీలోనే పెడుతుంది. చెప్పని కేంద్రాల విషయంలో రేడియో బ్రౌజర్ అనే సామూహిక డేటాబేస్ ఆదుకుంటుంది. దానిలో పదుల వేల కేంద్రాల చిరునామాలను శ్రోతలే చేరుస్తూ, సరిదిద్దుతూ ఉంటారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. రేడియోడ్రాయిడ్, ట్రాన్సిస్టర్ వంటి ఆండ్రాయిడ్ యాప్‌లకు సమాచారం అక్కడినుంచే వస్తుంది. 2002లో రేడియోటైమ్ పేరుతో పుట్టిన ట్యూన్ఇన్, భూగోళాన్ని తిప్పి కేంద్రాన్ని ఎంచుకునే రేడియో గార్డెన్ వినడానికి బాగుంటాయి గానీ అసలు చిరునామాను శ్రోత చేతికివ్వవు.

ఎక్కడా దొరకకపోతే కంప్యూటర్ బ్రౌజర్‌లో కేంద్రం పేజీ తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ అనే అర చూడాలి. అప్పుడు ప్లే నొక్కితే బ్రౌజర్ ఏ చిరునామా దగ్గరికి వెళ్తోందో వరసగా కనిపిస్తుంది. ఎంతకీ పూర్తికాని వరస గానీ, ఎం3యూ8 తోక ఉన్న వరస గానీ మనకు కావలసినది. ఆ చిరునామా వెనక ప్రశ్నార్థకం తర్వాత పొడవాటి అక్షరాల గుంపు ఉంటే అది కొద్ది గంటల్లో గడువు తీరే టోకెన్ కావచ్చు. గుంపును తీసేసి ప్రయత్నించాలి. అది లేకుండా పలకకపోతే ఆ కేంద్రం తన యాప్‌లోనే వినమంటోందని అర్థం.

మధ్యవర్తుల మీద ఆధారపడితే ఏమవుతుందో 2021లో తెలిసివచ్చింది. రెసివా అనే డైరెక్టరీ సేవ ఆ ఏడాది మూతపడింది. అనేక కంపెనీల వైఫై రేడియో సెట్లు కేంద్రాల జాబితా కోసం దాని మీదే ఆధారపడేవి. సెట్టు బాగానే ఉంది, కేంద్రం బాగానే ఉంది, మధ్యలో జాబితా ఇచ్చేవాడు లేడు. బ్రిటన్‌లో అక్కడి కోర్టు తీర్పుల తర్వాత డైరెక్టరీలు విదేశీ కేంద్రాలను తమ జాబితాల్లోంచి తొలగించాయి. ఆ దేశంలో ఉండే తెలుగువాళ్ళకు రేడియో గార్డెన్‌లో మన ఊళ్ళ కేంద్రాలు తెరుచుకోకపోవడానికి కారణం అదే. కేంద్రం నేరుగా ఇచ్చే స్ట్రీమ్‌కు ఆ అడ్డు రాదు.

తెలుగులో

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. హైదరాబాద్ కేంద్రం నిజాం కాలంనాటి దక్కన్ రేడియోకు వారసురాలు. మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్, 738 కిలోహెర్ట్జ్ అంకెలు ఒక తరానికి కంఠతా వచ్చు. ఆ ప్రసారాలు ఇప్పుడు ప్రసారభారతి న్యూస్ ఆన్ ఎయిర్ వేదిక మీద దేశంలోని రెండు వందలకు పైగా ఆకాశవాణి సేవల మధ్య కనిపిస్తాయి. చిరునామా పట్టుకుని వీఎల్‌సీలో పెట్టుకుంటే డల్లాస్‌లోనైనా దుబాయ్‌లోనైనా ఉదయం ప్రాంతీయ వార్తలు గరగర లేకుండా వినవచ్చు. ఎఫ్ఎం పరిధి దాటిన పల్లెలకూ ఇది దారే. ఇంటర్నెట్‌కే పుట్టిన తెలుగు కేంద్రాల్లో తెలుగువన్ వారి టోరి పేరు ముందు చెప్పుకోవాలి. ప్రవాస తెలుగువాళ్ళు నడిపే చిన్న కేంద్రాలు అమెరికాలో చాలా వచ్చాయి, కొన్ని ఆగిపోయాయి.

తెలుగు స్ట్రీములకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. షౌట్‌కాస్ట్ పాట పేర్లకు అక్షర సంకేత విధానాన్ని ఎవరూ నిర్ణయించలేదు. చాలా సాఫ్ట్‌వేర్లు లాటిన్-1 అని అనుకునేవి. అందులో తెలుగు లేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు కావాలి. ఒకరు యూటీఎఫ్-8లో పంపి మరొకరు లాటిన్-1గా చదివితే పాట పేరు స్థానంలో విచిత్రమైన గుర్తుల వరస కనబడుతుంది. ఐస్‌కాస్ట్ నడిపేవాళ్ళు తమ స్ట్రీమ్‌కు అక్షర సంకేతాన్ని యూటీఎఫ్-8గా పెట్టుకుంటే ఈ చిక్కు చాలావరకు పోతుంది. ఎంపీ3 బదులు ఆగ్ అనే పద్ధతిలో పంపే స్ట్రీములకు యూటీఎఫ్-8 మొదటినుంచీ నియమం. ఈ ఒక్క అమరిక చూసుకోని నిర్వాహకులు ఇంగ్లీషు అక్షరాల్లో పాట పేర్లు రాసి సరిపెట్టుకుంటున్నారు. పెండ్యాల పాటో ఘంటసాల పద్యమో తెలుగు లిపిలో కనబడకపోవడానికి సాంకేతిక కారణం ఏమీ మిగల్లేదు, బద్ధకం తప్ప.

హక్కుల సంగతి కూడా తెలుగు కేంద్రాలను తాకుతుంది. అమెరికాలో చట్టబద్ధమైన లైసెన్సు కింద నడిచే నెట్ కేంద్రం ఒకే ఆల్బమ్ నుంచి మూడు గంటల్లో మూడు పాటలకు మించి వేయకూడదు, అందులోనూ రెండుకు మించి వరసగా రాకూడదు. రాబోయే పాటల జాబితాను ముందుగా ప్రకటించకూడదు. ఒక సినిమా పాటలన్నీ వరసగా వేసే మన అలవాటు ఆ చట్టం కింద కుదరదు. 2002లో అక్కడ ఒక్కో శ్రోతకు ఒక్కో పాటకు సెంటులో నూరో వంతు లెక్కన ఏడు వంతుల రుసుము నిర్ణయించారు. చిన్న కేంద్రాలు ఎన్నో ఆగిపోయాయి, సోమాఎఫ్ఎం కూడా కొన్నాళ్ళు మూగబోయింది. 2007 జూన్ 26న రుసుముల పెంపుకు నిరసనగా వేల నెట్ కేంద్రాలు ఒక రోజు మౌనం పాటించాయి. మన దేశంలో కాపీరైట్ చట్టంలోని 31డి సెక్షన్ ప్రసారకర్తలకు ఇచ్చే చట్టబద్ధమైన లైసెన్సు సౌకర్యం రేడియో, టీవీలకే గానీ ఇంటర్నెట్‌కు వర్తించదని టిప్స్, వింక్ సంస్థల మధ్య కేసులో బొంబాయి హైకోర్టు 2019లో చెప్పింది, 2022లో ధర్మాసనం దాన్ని సమర్థించింది. కనుక భారత్‌లో నెట్ రేడియో పెట్టదలచినవారు సంగీత కంపెనీలతో విడిగా ఒప్పందం చేసుకోక తప్పదు.

మోగనప్పుడు

కొన్ని ఇబ్బందులు పదే పదే ఎదురవుతాయి. బ్రౌజర్‌లో పాత షౌట్‌కాస్ట్ చిరునామా తెరిస్తే పాట బదులు సర్వర్ వివరాల పేజీ వస్తుంది. అడిగింది బ్రౌజర్ అని గుర్తుపట్టి సర్వర్ అలా చేస్తుంది. చిరునామా చివర ఏటవాలు గీత, దాని వెనక సెమీకోలన్ చేర్చితే శబ్దమే వస్తుంది. కంప్యూటర్‌లో మోగే స్ట్రీమ్ ఫోనులో మోగకపోతే అది ఎన్‌క్రిప్షన్ లేని పాత హెచ్‌టీటీపీ చిరునామా అయి ఉండొచ్చు. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్‌లు అలాంటి చిరునామాలకు వెళ్ళాలంటే యాప్ తయారుచేసినవాళ్ళు ప్రత్యేకంగా అనుమతి రాయాలి. ఐఫోన్‌లో ఆ నిబంధన 2015 నుంచే ఉంది. చిరునామాలో హెచ్‌టీటీపీ పక్కన ఎస్ చేర్చి చూడటం మొదటి మందు. ఆఫీసుల్లో, కాలేజీల్లో మోగకపోతే సర్వర్ 8000 వంటి పోర్టు వాడుతూ ఉండవచ్చు. అక్కడి ఫైర్‌వాల్‌లు మామూలు వెబ్ పోర్టులు తప్ప మిగతావి మూసేస్తాయి. మొబైల్ డేటా మీద అదే స్ట్రీమ్ మోగితే కారణం ఖాయమైనట్టే. ఆండ్రాయిడ్‌లో తెర ఆరిపోయిన కాసేపటికి పాట ఆగితే తప్పు స్ట్రీమ్‌ది కాదు, బ్యాటరీ పొదుపు అమరికది. ఆ ప్లేయర్‌కు మినహాయింపు ఇస్తే సరిపోతుంది.

సొంతంగా ప్రసారం చేయదలచినవారికి దారి ఇప్పుడు సుగమం. బట్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ మైకు శబ్దాన్ని ఐస్‌కాస్ట్‌కు పంపుతుంది, లిక్విడ్‌సోప్ పాటల వరసను గడియారం ప్రకారం నడిపిస్తుంది, అజురాకాస్ట్ ఇవన్నీ ఒక్క చోట అమర్చి ఇస్తుంది. మూడూ ఉచితమే. ఖర్చంతా సర్వర్‌దే. ఒకేసారి వెయ్యిమంది 128 కిలోబిట్ల స్ట్రీమ్ వింటే సెకనుకు 128 మెగాబిట్లు బయటికి పోతాయి.

తెలుగు కేంద్రాల నిర్వాహకులకు, ఆకాశవాణితో సహా, ఒక్క విన్నపం. 'ఇప్పుడే వినండి' అన్న బొత్తం పక్కనే మీ స్ట్రీమ్ చిరునామాను కూడా కనబడేలా రాయండి. అది మారిన రోజున పాతదాని నుంచి కొత్తదానికి దారి మళ్ళింపు పెట్టండి. శ్రోత ఏ ప్లేయర్‌లో విన్నా వింటున్నది మీ కేంద్రాన్నే.